గొర్రెని మోసుకొచ్చిన పిల్లా, రాజుగారి రక్తమా?

ప్రశ్న: హౌస్ ఆఫ్ ద డ్రాగన్ సీరియల్ రెండో సీజన్ చూసినప్పట్నుంచీ మా బావమరిదికీ నాకూ పడట్లేదండి. డ్రాగన్ ఎక్కాలంటే ఆ కథలో రాజవంశం టార్గేరియన్ల రక్తం ఉండి తీరాలి అని వాడు, డ్రాగన్‌కి మనిషి నచ్చితే చాలు రక్తం గిక్తం ఏం లేదని నేను. మీరు పుస్తకాలు కూడా చదివానని పోయినసారి రాశారు కదా, మీరే తేల్చండి. ఓడినవాళ్ళు బిర్యానీ పెట్టించాలి. (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బిర్యానీ పందెం అన్నారు కాబట్టి జాగ్రత్తగా చెప్పాలి. ముందే చెప్తున్నా, ఇందులో పుస్తకం కథ చాలా బయటికొస్తుంది, సీరియల్లో ముందు ముందు ఏమవుతుందో తెలియకూడదనుకునేవాళ్ళు ఇక్కడితో పేజీ తిప్పేయండి.

ముందు మీ బావమరిది వైపు నుంచి చూద్దాం. వాడి వాదన గాల్లోంచి పుట్టిందేం కాదు. ఈ పుస్తకాలు రాసిన జార్జ్ ఆర్ ఆర్ మార్టిన్ కథలో, డ్రాగన్లతో ఏలిన పాత సామ్రాజ్యం వలీరియాలో డ్రాగన్లున్న కుటుంబాలు నలభై, అందులో టార్గేరియన్లు ఒకళ్ళు, అదీ పెద్ద గొప్ప కుటుంబమేం కాదు. ఆ ఇంటి పిల్లకి కల రావడంతో వలీరియా నాశనమవడానికి 12 ఏళ్ళ ముందే మూటాముల్లే సర్దుకుని డ్రాగన్‌స్టోన్ ద్వీపానికి వచ్చేశారు, అందుకే మిగిలారు. అక్కణ్ణించి అన్నాచెల్లెళ్ళకే పెళ్ళిళ్ళు చేసుకుంటూ రక్తం బయటికి పోకుండా చూసుకున్నారు. డ్రాగన్లని మంత్రాలతో రక్తం కలిపి పుట్టించారేమోనని ఆ కథలోనే ఒక పండితుడు అనుమానపడతాడు కూడా. అంటే ఆ లోకంలో రక్తానికి అసలు పవరే లేదని చెప్పలేం.

కానీ రక్తం ఉంటే చాలు అనే మాట మాత్రం ఎక్కడా నిలబడదు, దీనికి సాక్ష్యాలు బోలెడు. గేమ్ ఆఫ్ త్రోన్స్ నవలల్లో ఐదో పుస్తకంలో, అంటే 2011లో వచ్చిన దాంట్లో, క్వెంటిన్ మార్టెల్ అని ఒక కుర్ర రాజకుమారుడుంటాడు, వాళ్ళింటికి వందేళ్ళ కిందట టార్గేరియన్ ఆడపిల్ల కోడలిగా వచ్చింది, ఆ చుక్క రక్తాన్ని నమ్ముకుని కొరడా పట్టుకుని డ్రాగన్ల దగ్గరికి పోయాడు. ఒకదాన్ని మచ్చిక చేసుకుందామని దాంతో మాట్లాడుతూ ఉంటే వెనక నుంచి రెండోది నిప్పు కక్కింది. మూడు రోజులు మంచం మీద నరకం పడి పోయాడు పాపం.

వందేళ్ళ నాటి చుక్క కదా పలచబడిపోయి ఉంటుంది అంటాడు మీ బావమరిది, నాకు తెలుసు. సరే, హౌస్ ఆఫ్ ద డ్రాగన్ కథలో సింహాసనం కోసం పోరాడే టార్గేరియన్ రాణి రెనీరా సొంత కొడుకు జాఫ్రీ సంగతి చెప్పమనండి. తల్లి తరఫున రక్తంలో డౌటే లేదు, వాడికి సొంత డ్రాగన్ కూడా ఉంది. జనం తిరగబడి డ్రాగన్ల కొట్టం మీద పడ్డారని తెలిసి, తన డ్రాగన్ని కాపాడుకుందామని హడావుడిలో తల్లి డ్రాగన్ సైరాక్స్ ఎక్కేశాడు. అది వాణ్ణి గాల్లోంచి విదిలించి పారేసింది. తల్లి ఎక్కే డ్రాగన్, చిన్నప్పట్నుంచీ చూసిన డ్రాగన్, అయినా సరే నువ్వు నా మనిషివి కాదు అంది.

ఇప్పుడు అసలు గొడవ దగ్గరికొద్దాం, డ్రాగన్లు మిగిలిపోయి ఎక్కేవాళ్ళు లేక రెనీరా మనుషుల్ని వెతికిన ఘట్టం. ఇక్కడ పుస్తకానికీ సీరియల్‌కీ తేడా ఉంది గానీ రెండిట్లోనూ తేలేది ఒకటే. సీరియల్లో రెనీరా కాపలా యోధుడు సర్ స్టెఫన్ డార్క్లిన్ గుర్తున్నాడా, పాత వంశవృక్షాలన్నీ తిరగేసి ఎక్కడో పూర్వీకుల్లో ఒక టార్గేరియన్ దొరికితే మనవాడే అని ముందుకి తోశారు, ఒక్క క్షణం డ్రాగన్ తల వంచినట్టే వంచి కాల్చిపారేసింది. అదే డ్రాగన్, అదే సీస్మోక్, పడవలు బాగుచేసుకునే ఆడమ్ వెంట అడవిలో పడి వాడు వద్దు బాబోయ్ అని పరిగెడుతుంటే తరిమి తరిమి పట్టుకుంది. పెళ్ళిచూపుల్లో అబ్బాయి వైపువాళ్ళు వంశం గోత్రం పట్టుకుని కూర్చుంటే పిల్ల వీధిలో పోయేవాణ్ణి మెచ్చినట్టు.

అయితే ఆడమ్‌కీ రక్తం ఉండొచ్చుగా అంటారు, ఉండొచ్చు. తండ్రి ఎవరో పుస్తకంలోనే తగువు, తాత వయసు ప్రభువు కార్లిస్ వెలారియన్ అని లోకం చెవులు కొరుక్కుంటుంది, ఆడమ్ తల్లేమో కార్లిస్ కొడుకు లేనార్ అంటుంది. ఏదైనా గానీ, ఆడమ్‌కి ఆలిన్ అని తమ్ముడున్నాడు. ఒకే తల్లి, ఒకే తండ్రని చెప్పుకున్నారు. పుస్తకంలో ఆ తమ్ముడు కూడా ఒక డ్రాగన్ మీద ప్రయత్నించాడు, ఒళ్ళు కాలి బతికి బయటపడ్డాడు. అన్నకి దొరికింది, తమ్ముడికి కాలింది. రక్తమే అన్నీ తేల్చేస్తే ఇదెలా?

ఆ తమ్ముణ్ణి కాల్చిన డ్రాగన్ పేరు షీప్‌స్టీలర్, అంటే గొర్రెలదొంగ. బురదరంగు, చూడ్డానికి బాగోదు, అన్నిటికన్నా ముఖ్యమైన సంగతేంటంటే దాన్ని ఎవరూ ఎప్పుడూ ఎక్కలేదు. వెర్మిథార్, సిల్వర్‌వింగ్, ఈ రెండూ పాత రాజు రాణి కింద పని చేసినవి, సీస్మోక్ లేనార్ కింద పని చేసింది, మూడిటికీ మనిషి బరువు వీపుకి అలవాటే. ఇది అడవి సరుకు. దీని దగ్గరికి సిల్వర్ డెనిస్ అని ఒకడు పోయాడు, వెండి జుట్టు, తగ్గ కళ్ళు, మేగోర్ మహారాజు అక్రమ సంతానం వంశం మాది అని చెప్పుకునేవాడు, చూస్తే నమ్మాలనిపించేలానే ఉన్నాడట. గొర్రెలదొంగ వాడి చెయ్యి పీకేసింది, కొడుకులు రక్తం ఆపుతుంటే ఇంకో అడవి డ్రాగన్ వచ్చి దీన్ని తరిమి తండ్రినీ కొడుకుల్నీ కలిపి మింగేసింది.

అలాంటిదాన్ని ఎక్కింది ఎవరయ్యా అంటే నెటిల్స్. రేవు దగ్గర ఒళ్ళమ్ముకునే ఆడమనిషి కూతురు, పదహారు పదిహేడేళ్ళు, నల్ల జుట్టు, చామనఛాయ, బక్కపలచటి మనిషి, నోరు తెరిస్తే బూతు. టార్గేరియన్ పోలిక ఒక్కటి లేదు. రోజూ పొద్దున్నే అప్పుడే కోసిన గొర్రెని మోసుకెళ్ళి దాని ముందు పడేసేది, ఈ పిల్ల వస్తే తిండి వస్తుందని అది ఎదురుచూడ్డం మొదలెట్టేదాకా. కొరడా లేదు, వంశవృక్షం లేదు.

ఇది చదివినప్పుడు నాకు మా నానమ్మ గేదె గుర్తొచ్చింది, నవ్వకండి. ఆవిడ తప్ప ఎవరు కింద కూర్చున్నా చేపేది కాదు, దూడని విడిచినా అంతే, కాళ్ళు ఝాడించి చెంబు తన్నేసేది. ఆవిడకి ఒంట్లో బాగోక పది రోజులు మంచాన పడితే మా పిన్ని ఆవిడ పాత చీర చుట్టుకుని, తవుడు నీళ్ళ బకెట్ ఎప్పుడూ పెట్టే చోటే పెట్టి, ఆవిడలాగే గొణుక్కుంటూ కూర్చునేది, అప్పటికి అరచెంబు వదిలేది. మా పిన్నికీ నానమ్మకీ రక్తసంబంధం ఏం లేదు, కోడలు. కన్నకొడుకు మా నాన్న కూర్చుంటే మాత్రం తన్నేది.

కాబట్టి నా తీర్పు: మీరు సగం గెలిచారు. పూర్తిగా ఎందుకు కాదంటే, ఆ డ్రాగన్‌స్టోన్ ద్వీపంలో టార్గేరియన్లు రెండు వందల ఏళ్ళకి పైగా ఉన్నారు, ఊళ్ళో కొత్త పెళ్ళికూతుళ్ళ మీద మొదటి రాత్రి హక్కు మాదే అని తిరిగారు, అలా పుట్టినవాళ్ళని డ్రాగన్ విత్తనాలు అని పిలుచుకునేవాళ్ళు. అంటే ఆ ఊళ్ళో ఏ పిల్లని చూపించినా ఏ ముత్తవ్వ దగ్గరో ఒక చుక్క ఉండే ఉంటుంది అనొచ్చు, నెటిల్స్‌కి కూడా. మీ బావమరిది ఇదే పట్టుకుంటాడు చూడండి. అందులో ఉన్న కిటుకు గమనించండి: ఎక్కినవాడికి రక్తం ఉంది అంటారు, కాలిపోయినవాడికి సరిపోలేదు అంటారు, ఇంక ఈ సిద్ధాంతం ఎప్పుడు ఓడిపోతుంది? పేపర్ లీకైన పరీక్షలా ఉంది.

ఇంకో మాట, ఇది నాకు బాగా ఇష్టమైంది. వలీరియావాళ్ళు మొదట్లో ఎవరనుకున్నారు, గొర్రెల కాపర్లు! అగ్నిపర్వతాల దగ్గర డ్రాగన్లు కనిపించాక మచ్చిక చేసుకున్నారని వాళ్ళ కథ. ఆ లోకంలో తూర్పు కొసన ఉన్న అషాయ్ వైపు పాత రాతల్లో అయితే, పేరు కూడా మిగలని వేరే జాతివాళ్ళు ముందు మచ్చిక చేసి వలీరియావాళ్ళకి నేర్పారని ఉంది. మరి ఆ మొదటి కాపరికి ఏ రక్తం ఉంది? వాడి చేతిలోనూ గొర్రే ఉండుంటుంది.

ప్రశ్న: మరి గేమ్ ఆఫ్ త్రోన్స్ సీరియల్లో జాన్ స్నోకి తను టార్గేరియన్ అని తెలియకుండానే డ్రాగన్ ఎక్కాడు కదా, అది రక్తం మహిమ కాదా? నైట్ కింగ్ ఏ వంశం? (పేరు రాయని పాఠకురాలు)

జవాబు: జాన్ విషయంలో కరెక్టే, 2019లో వచ్చిన ఆఖరి సీజన్ మొదటి ఎపిసోడ్‌లో ముందు రేగల్ అనే డ్రాగన్ ఎక్కుతాడు, తర్వాతే సమాధుల దగ్గర స్నేహితుడు శామ్ వచ్చి నువ్వెవరో తెలుసా అంటాడు. రక్తం పార్టీవాళ్ళకి ఇదే బ్రహ్మాస్త్రం. కాకపోతే పక్కన డెనేరిస్ ఉండి ఎక్కు ఎక్కు అంటోంది కదా, డ్రాగన్ల తల్లే దగ్గరుండి పరిచయం చేస్తే అది కూడా లెక్కే. చచ్చినవాళ్ళని లేపి సైన్యం చేసుకునే నైట్ కింగ్‌ది వేరే కేసు, వాడు ఎక్కింది చచ్చిన డ్రాగన్, దానికి సొంత ఇష్టాయిష్టాలు లేవు. వాణ్ణి ఈ పంచాయితీలోకి లాగకండి.

ప్రశ్న: సామాన్యులు డ్రాగన్ ఎక్కితే రెనీరా కొడుకు జేస్‌కి అంత కోపమెందుకు? సైన్యం పెరిగితే మంచిదేగా? (గుంటూరు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: వాడి జుట్టు చూశావా నాయనా, టార్గేరియన్ల వెండి జుట్టు కాదు, ముదురు గోధుమరంగు. తండ్రి ఎవరో ఊరంతా తెలుసు, నోరెత్తరు అంతే. వాడు సింహాసనానికి వారసుణ్ణి అని చూపించుకోడానికి చేతిలో ఉన్న ఏకైక రుజువు డ్రాగన్ ఎక్కగలగడం. రేపు కమ్మరి పని చేసుకునేవాడూ, సారా కొట్టులో డబ్బాలు కొట్టుకునేవాడూ అదే పని చేస్తే వీడి రుజువు ఏమైపోవాలి? అమ్మ మీద ఎగిరింది అందుకు. నన్నడిగితే ఆ సీజన్ మొత్తంలో తెలివైన మాట మాట్లాడింది వాడొక్కడే.

రెనీరాకి కూడా ఆ భయం తర్వాత వచ్చింది, పుస్తకంలో. పైకి తెచ్చిన ఇద్దరు, ఆ కమ్మరి హ్యూ, సారా కొట్టు ఉల్ఫ్, శత్రువుల వైపు దూకేసరికి మిగిలిన ఇద్దర్నీ అనుమానించింది. నెటిల్స్‌ని చూస్తేనే తెలుస్తోంది ఒక్క చుక్క డ్రాగన్ రక్తం లేదని, ఇదంతా చేతబడి అని మొదలెట్టింది. డ్రాగన్ ఎక్కి యుద్ధానికి వెళ్తున్నన్నాళ్ళూ ఆ చుక్క గురించి ఎవరూ అడగలేదు. ఆడమ్ ఏమో ఆవిడ వైపే పోరాడి చచ్చిపోయాడు, మన కర్ణుడి లెక్క, పుట్టుక ఎవరు ఒప్పుకోకపోయినా ఉప్పు తిన్నవైపే. నెటిల్స్ తలకాయ పంపమని ఉత్తరం వస్తే రెనీరా మొగుడు డీమనే ఆమెని తప్పించి పంపేశాడు.

ఆ తర్వాత ఒక్కసారి కొండల్లో డ్రాగన్ మీద కనపడింది, ఇంక ఆ పిల్ల జాడ లేదు. వేల్ కొండల్లో కాలినవాళ్ళు అనే తెగ ఒకటుంది, వాళ్ళ కథల్లో ఒకప్పుడు కుర్రాళ్ళు కొండ మీద ఒక అగ్ని మంత్రగత్తె దగ్గరికి కానుకలు పట్టుకుని పోయేవాళ్ళట, డ్రాగన్ మంటకి ఎదురు నిలబడి మగాణ్ణని నిరూపించుకోడానికి. కానుకల్లో గొర్రెలు ఉన్నాయో లేదో పుస్తకంలో రాయలేదు, నేనైతే ఉన్నాయనే అనుకుంటున్నా. ఖమ్మం పాఠకుడుగారూ, బిర్యానీ మటన్‌దే చెప్పండి, ఇద్దరూ చెరి సగం డబ్బులు వేసుకోండి.