3 శాతం లోను తొందరగా తీర్చి, 30 శాతం అప్పుకు వెళ్తారా?

ప్రశ్న: న్యూజెర్సీలో ఉంటున్నాం, హెచ్1బీ ఉద్యోగం. 2021లో 3.25 శాతం వడ్డీకి ఇల్లు కొనుక్కున్నాం. తర్వాత పక్క ఊళ్లో 1928 నాటి రెండు పోర్షన్ల ఇల్లు అద్దెలకని తీసుకున్నాం. పై పోర్షన్ ఖాళీ అయినప్పుడు లెడ్ (పాత పెయింట్లో ఉండే సీసం) ఇన్‌స్పెక్షన్ చేయిస్తే, దుమ్ము తుడిచి చూసే డస్ట్ వైప్ పరీక్ష ఫెయిలైంది. కాంట్రాక్టర్ 14,000 డాలర్లు అడుగుతున్నాడు. సేవింగ్స్‌లో 4,000 ఉన్నాయి. మూడేళ్లుగా మా ఇంటి లోనుకు నెలకు 900 డాలర్లు అదనంగా కడుతున్నాం. క్రెడిట్ కార్డుల మీద క్యాష్ తీసి పని చేయించి, కొత్తగా దిగేవాళ్ల డిపాజిట్‌తో, అద్దెతో తీర్చేయాలని ఆలోచన. లేదంటే చిన్నపిల్లలు లేనివాళ్లకే ఇస్తే ఈ గొడవ తప్పుతుందా?

జవాబు: నెలకు 900 చొప్పున మూడేళ్లంటే 32,400 డాలర్లు. 3.25 శాతం అప్పును తగ్గించడానికి అంత డబ్బు పోశారు. ఇప్పుడు 14,000 కోసం 30 శాతం దరిదాపుల్లో వడ్డీ పడే క్యాష్ అడ్వాన్స్ వైపు చూస్తున్నారు. అప్పంటే మనవాళ్లకున్న భయం మంచిదే. కానీ చేతిలో రూపాయి మిగలకుండా చవక అప్పు తీర్చేవాళ్లే చివరికి ఖరీదైన అప్పులో పడతారు. మీ ఉత్తరం తీసుకున్నది అందుకే. లోనుకు కట్టేసిన డబ్బు కావాలంటే మళ్లీ బ్యాంకునే అడగాలి, అదీ ఉద్యోగం ఉన్నంతవరకే.

ఆ అదనపు 900 ఈ నెల నుంచే ఆపండి. క్యాష్ అడ్వాన్స్ మాట ఇక వద్దు. తీసిన రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు. ఖాళీగా ఉన్న పోర్షన్ అద్దెతో దాన్ని తీరుస్తామనడం లెక్క కాదు, ఆశ. డిపాజిట్ సంగతి అంతకంటే ఘోరం. హైదరాబాద్‌లో ఓనరు అడ్వాన్స్ తీసుకుని సొంతానికి వాడుకోవడం మామూలే. న్యూజెర్సీలో మీలాంటి ఓనరు దాన్ని వడ్డీ వచ్చే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. ఆ డబ్బు మీది కాదు.

పిల్లలున్నవాళ్లకు ఇవ్వననడం ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద వివక్ష. పైగా ఇన్‌స్పెక్షన్ ఇంటికి, దిగేవాళ్లెవరన్న దానికి కాదు. 2022 జూలై 22 నుంచి అమల్లో ఉన్న రాష్ట్ర చట్టం ప్రకారం 1978కి ముందు కట్టిన అద్దె ఇళ్లకు, కొన్ని మినహాయింపులు పోను, మొదటి పరీక్ష 2024 జూలై 22 లోపే అయిపోయి ఉండాలి. తర్వాత మూడేళ్లకోసారి, లేదా టెనెంట్ మారినప్పుడు. చేతిలో చెల్లుబాటయ్యే లెడ్ సేఫ్ సర్టిఫికెట్ ఉంటే టెనెంట్ మారినా మళ్లీ అక్కర్లేదు. అది రెండేళ్లు చెల్లుతుంది. ఉల్లంఘన నోటీసు వచ్చాక సరిదిద్దుకోవడానికి 30 రోజులిస్తారు. అప్పటికీ కదలకపోతే వారానికి 1,000 డాలర్ల దాకా జరిమానా. అంటే 1928 ఇల్లు కొన్న రోజే ఇది తెలిసిన ఖర్చు. దీన్ని అనుకోని దెబ్బ అనకండి.

ఇక ఆ 14,000. కొటేషన్‌లో ఏమేం ఉన్నాయో మీరు రాయలేదు. అన్ని కిటికీలూ మార్చి ఇల్లంతా పెయింట్ చేసే లెక్క అయి ఉండొచ్చు. పాత కిటికీ పైకీ కిందకీ జరిగినప్పుడల్లా పెయింట్ రాసుకుని పొడి రాలుతుంది, వైప్ టెస్ట్‌లో దొరికేది అదే. మీ రిపోర్టులో ఏ గది, ఏ కిటికీ గట్టు ఫెయిలైందో ఉంటుంది. లెడ్ మొత్తం తీసేయడమే దారి కాదు, ప్రమాదాన్ని అదుపు చేసే పనులనూ చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి ఫెయిలైన చోట్లకే విడిగా మరో ఇద్దరి దగ్గర కొటేషన్ తీసుకోండి. ఆదివారం మీరే స్యాండ్‌పేపర్ పట్టుకుని దిగకండి. పొడి ఇల్లంతా పరుచుకుంటుంది, అద్దె ఇంట్లో ఓనరు చేసినా ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) సర్టిఫికేషన్ ఉండాల్సిందే.

తక్కువ పడితే మీ ఇంటి మీద చిన్న హెలాక్ (ఇంటి విలువను తాకట్టు పెట్టి, కావాల్సినంత వాడుకునే అప్పు) తీసుకోండి, వడ్డీ మారుతుందని గుర్తుంచుకుని. 401కే (ఉద్యోగం తరఫు రిటైర్మెంట్ ఖాతా) లోను మీకు వద్దు, ఉద్యోగం పోతే తీర్చే గడువు ముంచుకొస్తుంది. రాష్ట్రంలో లెడ్ పనులకు సాయం చేసే పథకం ఉంది, ఆదాయ పరిమితులు చూసి అడగండి.

ఈ పనికి చేసిన అప్పు తీరగానే ఆ 900 మళ్లీ ఇంటి లోనుకు మళ్లించకండి. ముందు ఎమర్జెన్సీ ఫండ్. మీ ఇంటి ఖర్చు ఆరు నెలలకు, అద్దె ఇంటికి విడిగా నాలుగు నెలలకు: మార్ట్‌గేజ్, ప్రాపర్టీ ట్యాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే అమెరికాలో ఉండటానికి మీకున్న వ్యవధి మామూలుగా 60 రోజుల దాకానే. అప్పుడు ఒక పోర్షన్ ఖాళీగా, ఒక నోటీసు చేతిలో ఉంటే ఏం చేస్తారు? ఈ రెండు ఫండ్లూ నిండేదాకా లోను ముందస్తు చెల్లింపు ఊసే ఎత్తొద్దు. ల్యాండ్‌లార్డ్ పాలసీలో మినహాయింపుల పేజీ కూడా తిప్పండి, లెడ్ క్లెయిములకు డబ్బు చెల్లించబోమని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది.

ఫెయిలైన రిపోర్టు డ్రాయర్లో దాచొద్దు. లీజు సంతకానికి ముందే దాని కాపీ, ఫెడరల్ లెడ్ బుక్‌లెట్, డిస్‌క్లోజర్ ఫారం టెనెంటుకు ఇచ్చి, సంతకం చేసిన కాపీని మూడేళ్లు దాచుకోండి.