జాజ్ పక్కన జముకు: కమ్యూనిటీ రేడియో ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: రాత్రిపూట అరగంట జాజ్ వేస్తున్నాం. ల్యాప్‌టాప్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే గాయని గొంతు బాగుంది. ప్రసారంలో మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంది, పియానో ఒక్కటే పెద్దగా వినిపిస్తోంది. ఫైలు పాడైందా? (టెక్కలి)

జవాబు: ఫైలు బాగానే ఉంది, తప్పు కేబుల్‌ది. హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి తెచ్చిన స్టీరియో పిన్నును మిక్సర్‌లో ఒక్క ఛానల్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లో పెట్టి ఉంటారు. రెండు తీగల మధ్య తేడాను మాత్రమే తీసుకోవడం ఆ ఇన్‌పుట్ పని. ఎడమలోంచి కుడిని తీసేస్తే, రెండింట్లో సమానంగా ఉన్నదంతా సున్నా అవుతుంది. గొంతూ బేసూ మధ్యలో ఉంటాయి కాబట్టి అవే పోతాయి. పక్కకు జరిపిన పియానో, గది ప్రతిధ్వని మిగులుతాయి.

ఒక కొసన 3.5 మి.మీ. స్టీరియో పిన్ను, ఇంకో కొసన రెండు 6.35 మి.మీ. మోనో పిన్నులు ఉన్న కేబుల్ కొనండి. రెండిటినీ రెండు లైన్ ఛానళ్ళలో పెట్టండి. ప్రసారం మోనో అయితే రెండు ప్యాన్ నాబ్‌లనూ (ధ్వనిని ఎడమకో కుడికో జరిపేవి) మధ్యకు తిప్పి, ఫేడర్లు (స్థాయి పెంచే, తగ్గించే జారుడు మీటలు) 6 డెసిబెల్స్ దించండి. ఎడమ పిన్ను ఒక్కటీ పెడితే చాలని ఎవరైనా అంటే వినకండి. 1950ల చివర్లో, 60ల మొదట్లో వచ్చిన స్టీరియో జాజ్ రికార్డుల్లో ట్రంపెట్ పూర్తిగా ఒక పక్కన, డ్రమ్స్ రెండో పక్కన ఉండటం మామూలే. ఒక పక్కే వేస్తే సగం బృందం వినబడదు.

ప్రశ్న: తప్పెటగుళ్ళు రికార్డు చేశాం. రికార్డర్‌లో శుభ్రంగా ఉంది. రేడియోలో గజ్జెలు చరచరమంటున్నాయి, అడుగు పడ్డప్పుడల్లా పాట తగ్గిపోతోంది. (గజపతినగరం)

జవాబు: ఎఫ్‌ఎం పనితీరు తెలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గాలిలో వచ్చే బుస తగ్గడానికి ట్రాన్స్‌మిటర్ పై స్థాయి ధ్వనులను పెంచి పంపుతుంది, శ్రోత రేడియో వాటిని అంతే దించుతుంది. మన దేశంలో దీనికి 50 మైక్రోసెకన్ల లెక్క. అంటే 10 కిలోహెర్ట్జ్ దగ్గర పెంపు సుమారు 10 డెసిబెల్స్. మాటకు అక్కడ బలం తక్కువ కనుక ఇబ్బంది రాదు. గజ్జెల బలమంతా అక్కడే. జాజ్ డ్రమ్మర్ కొట్టే సింబల్ (లోహపు పళ్ళెం) కూడా అంతే. గజ్జె మోగగానే సంకేతం హద్దు దాటుతుంది, లిమిటర్ (హద్దు దాటకుండా ఆపే పరికరం) మొత్తాన్ని నొక్కుతుంది, దాంతోపాటు పాటా కిందికి పోతుంది.

మందు రికార్డింగ్ దగ్గరే వెయ్యాలి. మైకు కిందికి పెడితే గజ్జెలే వినిపిస్తాయి. తప్పెట గుండె మీద ఉంటుంది, పాట నోట్లోంచి వస్తుంది. కాబట్టి మైకు ఆ ఎత్తుకు పైనే ఉండాలి. ముందు పాడే ఆయనకు ఒక డైనమిక్ మైకు, నోటికి జానెడు దూరంలో. బృందానికి ఇంకొకటి, 2 మీటర్ల దూరంలో, తలల కంటే కొంచెం ఎత్తున, కిందికి వంచి. రెండు మైకుల మధ్య దూరం, మొదటి మైకుకూ నోటికీ ఉన్న దూరానికి కనీసం మూడింతలు ఉండాలి. లేకపోతే ఒకే గొంతు రెండుసార్లు, కొద్ది తేడాతో చేరి డొల్లగా వినిపిస్తుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్‌లో తీయండి. ఆట జోరెక్కాక కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకూడదు. మొదటి పాటకు సరిపెట్టిన స్థాయి చివరి పాటకు ఎక్కువైపోతుంది, జోరు పెరిగే కళ అది.

ఇప్పటికే తీసిన దానికి డీ-ఎస్సర్‌ను (ఎడిటింగ్‌లో పదునైన పై ధ్వనులను మాత్రమే దించే సాధనం) 6 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య పెట్టి, 4 డెసిబెల్స్ వరకు దించండి. అంతకు మించితే గజ్జె గవ్వ చప్పుడవుతుంది. అసలు ఫైలును మాత్రం ముట్టుకోవద్దు, నకలు మీదే పని చేయండి.

ప్రశ్న: పల్లెల్లో తీసిన మాటల్లో “ఏటి”, “నానెల్తాను” లాంటివి వస్తున్నాయి. కత్తిరించాలా? (పలాస)

జవాబు: వద్దు. కేంద్ర ప్రభుత్వ కమ్యూనిటీ రేడియో విధానమే కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికుల భాగస్వామ్యంతో తయారు కావాలంటుంది, వీలైనంతవరకు స్థానిక భాషలో, యాసలో ఉండాలంటుంది. ట్రంపెట్ వాయించే ఒక్కొక్కరికీ ఒక్కో పలుకు ఉంటుందని జాజ్‌లో మెచ్చుకుంటాం కదా, మన మనుషుల పలుకును దిద్దడమెందుకు? ఊపిరిని కూడా మొత్తం తీసేయకండి. కోత పెట్టాల్సి వస్తే ఊపిరి మొదలయ్యే చోట పెట్టి, 10 మిల్లీసెకన్ల ఫేడ్ (ధ్వని మెల్లగా తగ్గడం, పెరగడం) ఇవ్వండి. అక్కడే ఎవరూ మాట్లాడకుండా 30 సెకన్ల నిశ్శబ్దం తీసి ఉంచుకుంటే, కోతల మధ్య అతుకు తెలియదు.

ప్రశ్న: జాజ్ అంటే మా శ్రోతలకు కొత్త. ఎలా పరిచయం చేయాలి? (బొబ్బిలి)

జవాబు: చరిత్రతో మొదలుపెట్టకండి, లెక్కతో మొదలుపెట్టండి. జాజ్‌కు మూలాల్లో ఒకటైన బ్లూస్ పాటలో మామూలుగా ఒక ఆవర్తం 12 బార్లు, బారుకు 4 దెబ్బలు, మొత్తం 48. నిమిషానికి 120 దెబ్బల నడకలో అది సరిగ్గా 24 సెకన్లు. ఆ 24 సెకన్లు వేసి ఆపండి, చేత్తో తాళం వేస్తూ లెక్కపెట్టి, మళ్ళీ వేయండి. మొదటి పాదం పాడతారు, దాన్నే మళ్ళీ పాడతారు, మూడోది జవాబు. పాదం చివర మిగిలిన ఖాళీని వాద్యం నింపుతుంది. జముకు (తీగ మీటి వాయించే వాద్యం) వాయిస్తూ చెప్పే జముకుల కథలో వంత పలికే చోటు తెలిసిన వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. అందుకే ఆ రెండింటినీ పక్కపక్కన వేయండి. జముకు తీగ బిగువు మార్చి స్వరాన్ని జార్చడం, బ్లూస్ గిటారు తీగ లాగి జార్చడం వెంటవెంటనే వింటే శ్రోతే పోల్చుకుంటాడు.

స్వింగ్ అనే జాజ్ ఊగుడు నడకకు “తకిట” చాలు. మధ్య “కి” మింగేసి త..ట, త..ట అనండి. నడక బాగా వేగం పుంజుకుంటే ఈ తేడా దాదాపు సమానమైపోతుంది, కాబట్టి మొదట నిదానమైనవే ఎంచుకోండి. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న విజయనగరం పక్కన ఉన్నారు. తాళం తెలిసిన చెవులకు మీ దగ్గర కొదవ లేదు.

ప్రశ్న: పాత జాజ్ రికార్డులకు హక్కులు ఉండవంటున్నారు, నిజమేనా? (రాజాం)

జవాబు: సగమే నిజం. మన చట్టంలో రికార్డింగు హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1959లో వచ్చినదానికి 2019తో తీరింది. బాణీ హక్కు వేరు, అది బాణీ కట్టినవారు పోయాక 60 ఏళ్ళు. అమెరికా జాజ్ స్వరకర్త డ్యూక్ ఎల్లింగ్టన్ 1974లో పోయారు, కాబట్టి ఆయన సొంత బాణీలకు 2034 దాకా అనుమతి కావాలి.

మీ ఊరి కళాకారులకూ హక్కు ఉంది, ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్ళు. సంతకం పెట్టించే ముందు పత్రం మొత్తం చదివి వినిపించండి, ఏయే పనులకు వాడతారో చెప్పండి, వాళ్ళ ఒప్పుదలను టేపు మొదట్లోనే రికార్డు చేయండి. పేరూ, ఊరూ ఎలా పలకాలో వాళ్ళ నోటితోనే చెప్పించుకుని, ప్రకటనలో అలాగే పలకండి.