3060 కొనాలా, 4060 కొనాలా అని అడిగిన అల్లుడికి

నల్లగొండ

అల్లుడా,

నువ్వు పంపిన పట్టిక చూశాను. రెండూ ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డులే, ఒక పక్క ఆర్‌టీఎక్స్ 3060, ఇంకో పక్క 4060. కోర్లు, అంటే లెక్కలు చేసే చిన్న యూనిట్లు, 3060కే ఎక్కువ, మెమరీ 3060కే ఎక్కువ, బస్ వెడల్పూ, అంటే చిప్‌కూ మెమరీకీ మధ్య దారి వెడల్పూ, 3060కే ఎక్కువ. అయినా అందరూ 4060 వేగం అంటున్నారేంది మామా అన్నావు. అడగాల్సిన ప్రశ్నే అడిగావు. అది తేలితే సగం పని అయినట్టే.

కోర్ల లెక్క ఒక తరం (30 సిరీస్, 40 సిరీస్ లాంటిది) లోపలే చెల్లుతుంది. 3060ని 3070 పక్కన పెడితే కోర్లు ఎక్కువున్నదే ముందుంటుంది, అందులో గొడవ లేదు. తరం మారితే కుదరదు. 3060లో కోర్లు 3584, క్లాక్, అంటే కోర్లు నడిచే వేగం, 1.78 గిగాహెర్ట్జ్. 4060లో కోర్లు 3072 మాత్రమే, క్లాక్ 2.46. కోర్లను క్లాక్‌తో గుణించి, మళ్లీ రెండింతలు చేసి, వెయ్యితో భాగించు, కార్డు సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదో చెప్పే టెరాఫ్లాప్స్ వస్తాయి. 3060కి దాదాపు 12.7, 4060కి 15.1. తక్కువ కోర్లతోనే అది ఎట్లా ముందుకు పోయిందో అర్థమైందా? పైగా 3060 170 వాట్లు తీసుకునే చోట 4060 115తో సరిపెట్టుకుంటుంది.

మెమరీ లెక్క కూడా నువ్వే వేసుకోవచ్చు. బస్ వెడల్పును మెమరీ వేగంతో గుణించి 8తో భాగించు. 3060కి 192 బిట్లు, 15 జీబీపీఎస్, అంటే సెకనుకు 360 జీబీ. 4060కి 128 బిట్లు, 17 జీబీపీఎస్, అంటే 272. ఇక్కడ పాతదే గెలిచింది. కానీ 4060 చిప్‌లో ఎల్2 క్యాష్, అంటే చిప్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ, 24 ఎంబీ ఉంది, 3060లో 3 ఎంబీయే. మిర్యాలగూడ మిల్లుల్లో చూశావు కదా, గేటు చిన్నదైనా మర పక్కనే పెద్ద కుప్ప పోసుకుంటే మర ఆగదు. గేటు అంటే బస్, కుప్ప అంటే క్యాష్. అయితే వడ్లు పోసే ఆవరణే చాలకపోతే ఏ కుప్పా ఆదుకోదు. ఆ ఆవరణే నీ వీఆర్ఏఎం, అంటే కార్డు మీది మెమరీ, 4060కి 8 జీబీ, 3060కి 12. 8 జీబీ నిండితే మిగతా డేటా కార్డును గుచ్చే మదర్‌బోర్డు స్లాట్ గుండా మామూలు ర్యామ్‌కు పోయి రావాలి. అప్పుడు గేమ్ ఝటకాలు తింటుంది, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో రెండర్ (చివరి చిత్రం తయారవడం) నత్తనడకన సాగుతుంది, లేదా మధ్యలోనే ఆగిపోతుంది.

టెరాఫ్లాప్స్ లెక్క నేర్పానని దాన్ని అన్ని కంపెనీల మీదా వాడకు. ఏఎండీ ఆర్‌ఎక్స్ 7600కి కాగితం మీద 21.5 టెరాఫ్లాప్స్ ఉంటాయి. చూస్తే 4060ని తొక్కేసేటట్టే ఉంటుంది, గేముల్లో మాత్రం రెండూ దాదాపు పక్కపక్కనే నడుస్తాయి. ఏఎండీ కొత్త కోర్లు ఒకే క్లాక్‌లో రెండు ఆదేశాలు తీసుకోగలవని లెక్క రెట్టింపు చేస్తారు. గేముల్లో ఆ వీలు తక్కువ సార్లే దొరుకుతుంది.

ఇంకో సంగతి. పేరు ఒకటే, కార్డు వేరు. ఆర్‌టీఎక్స్ 3050 అని అడిగితే షాపువాడు రెండింట్లో ఏదైనా చేతిలో పెట్టొచ్చు. 8 జీబీ దాంట్లో 2560 కోర్లు, 128 బిట్ల బస్, 130 వాట్లు. 2024లో వచ్చిన 6 జీబీ దాంట్లో 2304 కోర్లు, 96 బిట్లు, 70 వాట్లు. మెమరీ 2 జీబీ తగ్గిందంతే అనుకుంటే తప్పు, అది వేరే కార్డే. ల్యాప్‌టాప్‌లలో ఇది ఇంకా ఘోరం. 4060 ల్యాప్‌టాప్ చిప్‌ను తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా బిగించవచ్చు. డబ్బా మీద వాట్లు రాయకపోతే అడిగి రాయించుకో.

టెస్టులు చూసేటప్పుడు సగటు ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు ఎన్ని ఫ్రేములు వచ్చాయన్నది, ఒక్కటే చూసి సంబరపడకు. ‘1% low’ అనే అంకె పక్కనే ఉంటుంది, అతి నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం అది. సగటు 90 వచ్చి ఆ అంకె 30 ఉంటే ఆట మధ్యలో తడబడుతుంది. అసలు ఫ్రేముల మధ్య కార్డే కొత్త ఫ్రేములు పుట్టించే ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేసి తీసిన అంకెలైతే పక్కన పెట్టెయ్. 2025 జనవరిలో ఎన్విడియా 5070ని చూపిస్తూ 4090 పనితీరు ఇస్తుందన్నది. ఒక దాంట్లో 6144 కోర్లు, 12 జీబీ, రెండో దాంట్లో 16384 కోర్లు, 24 జీబీ. మధ్యలో పుట్టించిన ఫ్రేములు కలిపి చెప్పిన మాట అది.

పెళ్లిళ్ల సీజన్‌లో నా దగ్గర ఎడిటింగ్‌కు కూర్చుంటానన్నావు కాబట్టి ఇది కూడా విను. మన కెమెరాల్లో 10 బిట్, 4:2:2, హెచ్.265 ఫుటేజీ వస్తుంది, అంటే రంగుల వివరం ఎక్కువుండే, బాగా కుదించిన వీడియో. దాన్ని 30, 40 సిరీస్ కార్డులు హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయలేవు (విప్పి చూపలేవు), 50 సిరీస్ నుంచే ఆ పని మొదలైంది. 11వ తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మాత్రం ఆ పని చేస్తుంది. అందుకే ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నది తేవద్దు, దాంట్లో ఆ గ్రాఫిక్స్ పనిచేయదు. వెయ్యి, రెండు వేలు మిగులుతాయని ఎఫ్ కొని, తర్వాత టైమ్‌లైన్ కదలట్లేదని కార్డును తిట్టేవాళ్లను మా షాపులో చూస్తూనే ఉన్నా. ఎవరైనా ఏఎండీ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవగ్గా ఇస్తామంటే అసలే వద్దను. దాంట్లో వీడియో ఎన్‌కోడరే (వీడియోను కుదించి ఫైలు చేసే భాగం) లేదు. స్లాట్‌తో డేటా పోయివచ్చే దారులు (లేన్లు) నాలుగే కాబట్టి పాత పీసీఐఈ 3.0 మదర్‌బోర్డులో ఇంకా చతికిలపడుతుంది.

కరెంటు సంగతి రెండు ముక్కల్లో చెప్తా. స్లాట్ ఇచ్చేది 75 వాట్లే, మిగతాది ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి వచ్చే తీగ ద్వారా రావాలి. ఊరూ పేరూ లేని ఎస్‌ఎంపీఎస్ మీద కొత్త కార్డు పెట్టొద్దు. రోహిణి కార్తెలో మీ పాలమూరు మేడ గదిలో ఈ రెండు కార్డుల మధ్య 55 వాట్ల తేడా ఊరికే పోదు, ఆ వేడంతా గదిలోకే వస్తుంది. కొనేది సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అయినా, మీ ఊళ్లో అయినా, జీఎస్‌టీ బిల్లు మీద కార్డు సీరియల్ నంబర్ ఉండాలి. సెకండ్ హ్యాండ్‌లో 3060 దొరికితే క్రిప్టో నాణేల మైనింగ్‌లో వాడిందేమో అడుగు. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక అటువంటివి చాలా మార్కెట్లోకి వచ్చాయి.

ఇప్పుడు నీ లెక్క. 1080పీ మానిటర్ మీద ఆటలే అయితే 4060. బ్లెండర్‌లో కూడా, సీన్ 8 జీబీలో పట్టినంత వరకు అదే వేగం. పట్టకపోతేనే 3060 అవసరం. అందుకని ఈ వారం కాలేజీ ల్యాబ్‌లో ఎక్కువ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు గల సిస్టమ్ మీద నీ ప్రాజెక్టు తెరిచి రెండర్ పెట్టు. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్, జీపీయూ నొక్కి డెడికేటెడ్ మెమరీ ఎంత దాకా పోయిందో చూడు. 6 జీబీ దాటకపోతే 4060 తీసుకో. 8కి దగ్గరపడితే 12 జీబీ దానికే పో. ఆ అంకె, నీ ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ ఫోటో, కేబినెట్‌లో కార్డుకు ఎంత పొడవు చోటుందో టేపుతో కొలిచిన కొలత, మూడూ నాకు పంపు. బావతో పైసల సంగతి నేను మాట్లాడతా.

మీ మామ