చాచిన చెయ్యి దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టయిన్' మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. "శాస్త్రం హద్దు మీరితే వినాశనమే" అని మొదటి వాక్యంలోనే తేల్చేశావు. అది, ఒక ప్రాణిని తయారుచేసి వదిలేసిన విక్టర్ చెప్పుకునే మాట. ముద్దాయి వాంగ్మూలాన్ని తెచ్చి తీర్పంటే ఎలా?

ముందు ఏది ఎవరి నోట వింటున్నామో చూసుకో. విక్టర్‌ను తన ఓడలోకి ఎక్కించుకున్న నావికుడు వాల్టన్ తన సోదరికి ఉత్తరాలు రాస్తాడు. వాటిలో విక్టర్ కథ, దాని నడుమ 11 నుంచి 16వ అధ్యాయం దాకా ఆ ప్రాణి కథ. వాల్టన్ రాసుకున్న కాగితాలను విక్టర్ అడిగి తీసుకుని తనే దిద్దాడని, పెంచాడని చివర్లో గానీ బయటపడదు. అది తెలిశాక 5వ అధ్యాయానికి వెనక్కి వెళ్ళు. ప్రాణం పోసిన రాత్రి విక్టర్ పారిపోయి పడుకుంటాడు, పీడకల వచ్చి లేస్తాడు. వెన్నెల్లో ఆ ప్రాణి మంచం తెర ఎత్తి పట్టుకుని చూస్తోంది. ఏవో అర్థంకాని శబ్దాలు, బుగ్గలు ముడతలు పడేలా ఒక నవ్వు, చాచిన చెయ్యి. తనను ఆపడానికే చాచినట్టుంది అంటాడు విక్టర్. చెయ్యి చాచడం జరిగింది. "ఆపడానికే" అన్నది అతని ఊహ. అప్పుడే పుట్టిన బిడ్డ చెయ్యి చాస్తే మనం ఏమనుకుంటాం? జరిగినదాన్నీ, చెప్పేవాడు దానికి తగిలించిన అర్థాన్నీ విడదీస్తే పాత్ర విశ్లేషణలో సగం పని అయినట్టే.

నోటుబుక్కు పేజీని మూడు గడులు చెయ్యి: ఎవరు అన్నారు, ఏమని పిలిచారు, ఆ క్షణంలో ఆ ప్రాణి చేస్తున్నదేమిటి. నీ వ్యాసంలో మొదట "అది", మధ్యలో "వాడు", చివర "అతను" అయ్యాడు. తెలుగులో సర్వనామమే తీర్పు చెప్పేస్తుంది, జాగ్రత్త. (నేనూ పైన "ప్రాణి" చాటున దాక్కున్నాను.)

ఇతివృత్తం ఈ గడుల్లోంచే లేస్తుంది. 10వ అధ్యాయంలో అతను విక్టర్ కళ్ళకు తన చేతులు అడ్డం పెట్టి, నా రూపం చూడకు, నా మాట విను అంటాడు. 15లో అతనితో ఆదరంగా మాట్లాడిన డి లేసీ గుడ్డివాడు. చివర వాల్టన్ ఆ ముఖం చూడలేక కళ్ళు మూసుకుంటాడు. చూపును మూసే ఈ సంగతి ఒక్క చోట కనిపిస్తే యాదృచ్ఛికం అనుకోవచ్చు, మూడు చోట్ల కనిపిస్తే రాయాల్సిందే.

అలాగని అతన్ని అమాయకుణ్ణి చేసెయ్యకు. విక్టర్ తమ్ముడు, పసివాడు విలియంను చంపి, వాడి మెడలోని బొమ్మ పతకాన్ని నిద్రపోతున్న పనిపిల్ల జస్టీన్ బట్టల్లో పెట్టింది అతనే. నేరం జస్టీన్ మీద పడితే, అసలు సంగతి ఊహించి కూడా కోర్టులో నోరు విప్పనివాడు విక్టర్. ఇద్దరి నేరాలూ ఒకే పేరాలో రాయి.

ఏ ప్రతి చదివావో చెప్పలేదు. మేరీ షెల్లీ 1818లో అచ్చువేసిన దానిలో విక్టర్ పెళ్ళాడే ఎలిజబెత్ అతనికి మేనత్త కూతురు. మనవాళ్ళకి అందులో వింతేమీ ఉండదు. 1831 ప్రతిలో ఆమె పెంచుకున్న అనాథ అయింది, విక్టర్ విధిని తలవడమూ పెరిగింది. ఒక ప్రతి చదివి మరో ప్రతిలోని మాట ఉదహరిస్తే వాదన కూలుతుంది. నేనిచ్చిన అధ్యాయాల అంకెలు 1831వి.

10, 15 అధ్యాయాలు, వాల్టన్ చివరి ఉత్తరం మళ్ళీ చదివి, ఆ మూడు గడుల కాగితం పంపు. వ్యాసం ఇప్పుడే వద్దు.