కరెంటు నష్టాల గ్రాఫ్ ఒక్కసారిగా లేస్తే దొంగతనం పెరిగినట్టేనా?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 90ల మొదట్లో 20 శాతం లోపున్న కరెంటు నష్టాలు కొద్ది ఏళ్లలోనే 30 దాటాయి, అంత దొంగతనం జరిగిందా అని మీ గ్రాఫ్ చూపించి అడిగారు. లేదండీ. లైన్లు దాదాపు అవే, మారింది లెక్క.

నష్టాన్ని ఏ మీటరూ నేరుగా చూపించదు. వచ్చిన యూనిట్లలోంచి అమ్మినవి తీసేస్తే మిగిలేదే నష్టం. అప్పట్లో వ్యవసాయ మోటార్లకు మీటర్లు లేవు, మోటారు హెచ్‌పీని (హార్స్‌పవర్‌ని) బట్టి శ్లాబు బిల్లు. అంటే రైతులు ఎంత వాడారన్నది విద్యుత్ బోర్డు వేసుకున్న అంచనా. లెక్క తేలని యూనిట్లు ఉంటే మోటార్ల ఖాతాలో రాసేస్తే సరిపోయేది, అడిగేవాడు లేడు. 90ల మధ్యలో ఆ అంచనాను సవరించి తగ్గించేసరికి, అక్కడ తీసేసిన యూనిట్లన్నీ నష్టం గడిలో వచ్చి పడ్డాయి. నన్నడిగితే కొత్త అంకే నిజానికి దగ్గర. కాకపోతే తర్వాత వచ్చిన పద్ధతి కూడా అంచనాయే: కొన్ని వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, ఆ సగటును మిగతా వాటికీ వేస్తారు.

నేను కొంతకాలం ఎనర్జీ ఆడిట్, అంటే వచ్చిన యూనిట్లకూ అమ్మిన వాటికీ లెక్క సరిచూసే పని చూశాను. అక్కడ రీడింగ్ తేదీలే అంకెల్ని ఆడించేవి. ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైను) రీడింగ్ ఒకటో తారీఖున తీస్తాం కాబట్టి ఏప్రిల్ ఇన్‌పుట్ (లైనులోకి వచ్చిన యూనిట్లు) అంటే అచ్చంగా ఏప్రిల్‌దే. ఇళ్ల బిల్లింగ్ మాత్రం నెల మొదటి రెండు వారాల్లో జరుగుతుంది, అందులో ఎక్కువ భాగం మార్చి వాడకం. ఎండలు ముదిరి ఏసీలు తిరిగే నెల ఇన్‌పుట్‌లోంచి అంతకు ముందు నెల అమ్మకాన్ని తీసేస్తే లాస్ ఎగబాకదా మరి? పై ఆఫీసు నుంచి ఫోన్లు, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి టెన్షన్. వానలు పడ్డాక అదే ఫీడర్‌కు మైనస్ లాస్ వచ్చిన నెలలూ ఉన్నాయి. అప్పుడు మాత్రం ఒక్క ఫోనూ రాదు! అందుకే నెలవారీ అంకెను పక్కన పెట్టి పన్నెండు నెలల మొత్తం మీదే మాట్లాడుకునేవాళ్లం.

డిస్కంల (కరెంటు పంపిణీ కంపెనీల) వారీగా గీస్తున్నారేమో, అక్కడా జాగ్రత్త. 2014కు ముందు సీపీడీసీఎల్ (మధ్య ప్రాంత డిస్కం) అంటే హైదరాబాద్ కేంద్రంగా ఉన్నది. విభజనప్పుడు అందులోంచి అనంతపురం, కర్నూలు ఆంధ్రప్రదేశ్ ఎస్పీడీసీఎల్ (దక్షిణ ప్రాంత డిస్కం)లోకి వెళ్లాయి, మిగిలింది తెలంగాణ ఎస్పీడీసీఎల్ అయింది. 2020 నుంచి కనిపించే సీపీడీసీఎల్ విజయవాడది: పాత కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాలు. పేరు ఒకటే, జిల్లా ఒక్కటీ కలవదు. ఈ రెంటినీ ఒకే గీతలో కలిపిన ఎక్సెల్ షీట్లు నా కళ్లతో చూశాను.

దేశం లెక్కల్లోనూ ఇదే తంతు. 2019 మార్చి దాకా 25 మెగావాట్లు దాటిన జలవిద్యుత్తు పునరుత్పాదక ఖాతాలో లేదు. ఆ నెల నిర్ణయంతో కొత్త డ్యామ్ ఒక్కటి కట్టకుండానే సుమారు 45 వేల మెగావాట్లు ఆ ఖాతాలో చేరాయి.

మీ గ్రాఫ్‌కు ఒక పని చేయండి. వ్యవసాయ అమ్మకం, నష్టం రెండూ కలిపి, మొత్తం ఇన్‌పుట్‌లో ఎంత శాతమో ఒక గీత గీయండి. ఆ గీత సాఫీగా పోతూ నష్టం గీత మాత్రమే ఎగిరితే, యూనిట్లు ఒక గడిలోంచి ఇంకో గడిలోకి మారాయన్నమాట. రెండూ కలిసి లేస్తే అప్పుడు దొంగతనం సంగతి చూడొచ్చు.