డీసీ-3 నడపాలన్న కల, నెత్తిన 55 లక్షల లోను

కాకినాడ నుంచి కెనడా వెళ్లి కమర్షియల్ పైలట్ లైసెన్సు, ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ తీసుకున్న 24 ఏళ్ల కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. విద్యా రుణం 55 లక్షలు, వడ్డీ 11 శాతం, మూడు నెలల్లో ఈఎంఐ మొదలవుతుంది. వర్క్ పర్మిట్ ఇంకా రెండున్నరేళ్లు ఉంది. ఉత్తర కెనడాలోని యెల్లోనైఫ్‌లో డీసీ-3 లాంటి పాత పిస్టన్ ఇంజిన్ కార్గో విమానాలు నడిపే ఒక కంపెనీ ముందు ర్యాంప్ (విమానాలు ఆగే చోటు) మీద సరుకు ఎక్కించే పని ఇస్తామని, తర్వాత కోపైలట్‌గా తీసుకుంటామని చెప్పిందట. అంటారియోలో ఒక ఫ్లయింగ్ స్కూలు గంటకు 24 కెనడా డాలర్లకు, వారానికి 40 గంటలకు ఇన్‌స్ట్రక్టర్‌గా రమ్మంటోంది. "నా మనసంతా ఆ ఉత్తరాది మీదే ఉంది అన్నా. కోపైలట్ అయ్యేదాకా ఈఎంఐ కట్టడానికి నాన్న 200 గజాల స్థలం అమ్మేస్తానంటున్నారు. వెళ్లమంటావా?" అని అడిగాడు.

తమ్ముడూ, వెళ్లు. కానీ ఇప్పుడే వద్దు, స్థలం మాత్రం అస్సలు అమ్మనివ్వకు.

నీ ఇష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. 1935లో మొదటిసారి ఎగిరిన డీసీ-3, రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు మోసిన సీ-46, ఇవి ఈ కాలంలో కూడా పని చేసి డబ్బు సంపాదించిపెట్టిన చోటు భూమ్మీద ఉందంటే అది యెల్లోనైఫ్, అలస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ లాంటి ఊళ్లే (మన బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవీ డీసీ-3లే). మెకెంజీ నది ఒడ్డున టులిటా, నార్మన్ వెల్స్ లాంటి చోట్లకు ఏడాది పొడవునా వాడుకునే రోడ్డు లేదు, 2024లో నదిలో నీళ్లు తగ్గి బార్జీలు కూడా రద్దయ్యాయి, అంటే పాలు, గుడ్లు, డీజిల్ అన్నీ గాల్లోనే రావాల్సి వచ్చింది. అలాంటి చోట పైలట్ పనికి ఉన్న విలువ వేరు. నీ మెయిల్లో అలస్కా మాట కూడా ఎత్తావు కాబట్టి చెప్తున్నా, అమెరికాలో పనిచేసే హక్కు లేకుండా అక్కడ తలుపు తెరుచుకోదు, దాన్ని లెక్కలోంచి తీసెయ్.

ఇక ర్యాంప్ సంగతి. ఉత్తరాన ఇది పాత ఆనవాయితీ, కొత్తగా వచ్చిన పైలట్‌ను ముందు ర్యాంపీగా పెట్టి పనితనం చూస్తారు, నెలలు పట్టొచ్చు, రెండేళ్లూ పట్టొచ్చు. మైనస్ 40లో ఇంజిన్లకు దుప్పట్లు కప్పి, లావుపాటి గొట్టాలతో వేడిగాలి పంపి, లోపల ఆయిల్ కాస్త జారుడుగా మారేదాకా కాపలా కాస్తూ, ఈలోపు పెట్టెలు, డ్రమ్ములు చేత్తో మోసి ఎక్కించాలి. ఆ కష్టం నువ్వు పడగలవనే అనుకుంటున్నా. పడలేనిది నీ బ్యాంకు ఖాతా.

లెక్క చూడు. యెల్లోనైఫ్ ఉన్న నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో కనీస వేతనం 2024 సెప్టెంబరులో గంటకు 16.70 డాలర్లు అయింది, ఆ లెక్కే వేసుకుందాం, ర్యాంప్ పనికి అంతకంటే పెద్దగా ఎక్కువ ఆశించకు. వారానికి 40 గంటలు చేస్తే ఏడాదికి దాదాపు 34,700. పన్నులు, పెన్షన్ కోతలు, అక్కడ విడిగా పట్టుకునే 2 శాతం పేరోల్ ట్యాక్స్ పోగా నెలకు చేతికి వచ్చేది 2,350 దగ్గర ఉంటుంది. నీ లోను పదేళ్లకైతే ఈఎంఐ సుమారు 75,800 రూపాయలు, డాలరుకు 62 వేసుకున్నా 1,220 డాలర్లు. ఇంకొకరితో కలిసి ఉండి అద్దె 900 కట్టినా తిండికి, ఫోనుకి, ఆ చలికి కావలసిన బట్టలకి మిగిలేది 230. ఇది కుదరదు, అందుకే నాన్నగారు స్థలం దాకా వెళ్లారు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది, నీ మెయిల్లో దాని ప్రస్తావనే లేదు. కెనడాలో పీఆర్‌కి (శాశ్వత నివాస హక్కుకి) చాలామంది వెళ్లే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ దారిలో ఏడాది నైపుణ్య ఉద్యోగ అనుభవం, అంటే 1,560 గంటలు కావాలి. పైలట్, ఇన్‌స్ట్రక్టర్ పని ఆ లెక్కలోకి వస్తాయి, ర్యాంప్ పని రాదు. నువ్వు రెండేళ్లు ర్యాంప్ మీద ఉండి అప్పుడు కోపైలట్ సీటు ఎక్కితే పర్మిట్‌లో మిగిలేది ఆరు నెలలు. కల చేతికందే టైముకి వీసా అయిపోతుంది, స్థలం ఎలాగూ పోయింది, లోను మాత్రం అలాగే ఉంటుంది.

అందుకని ముందు అంటారియో. అక్కడ ఏడాదికి 49,900, చేతికి 3,300 దాకా వస్తుంది. లోను గడువు 15 ఏళ్లకు పెంచమని మొదటి ఈఎంఐ పడకముందే బ్యాంకుకు రాసివ్వు, నెలకు 62,500కు, అంటే వెయ్యి డాలర్లకు దిగుతుంది. మొత్తం వడ్డీ పెరుగుతుంది, నిజమే, కానీ ఫ్లోటింగ్ రేటు లోను అయితే వ్యక్తులకు ముందస్తు చెల్లింపు మీద జరిమానా ఉండదు కాబట్టి జీతం పెరిగినప్పుడల్లా అసలు మీద కొంత కొట్టేయొచ్చు. నెలకు 400 డాలర్లు పక్కన పెట్టు, ఉత్తరానికి వెళ్లేటప్పుడు అదే నీ అత్యవసర నిధి. 2023 ఆగస్టులో కార్చిచ్చు వచ్చి యెల్లోనైఫ్ ఊరు ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది. చేతిలో రెండు నెలల ఖర్చు లేకుండా అక్కడికి వెళ్లడం నాకిష్టం లేదు.

స్కూలుతో సంతకం పెట్టేముందు ఒక్క మాట గట్టిగా అడుగు: నన్ను ఉద్యోగిగా తీసుకుంటున్నారా, కాంట్రాక్టర్‌గానా? చాలా స్కూళ్లు ఇన్‌స్ట్రక్టర్లను కాంట్రాక్టర్లుగా పెట్టుకుంటాయి, ఆ అనుభవం సొంత వ్యాపారం కింద పోయి పీఆర్ లెక్కలో పనికిరాదు. 40 గంటలు గ్యారంటీయా, వాతావరణం బాగోక విమానం ఎగరని రోజు కూడా జీతం ఇస్తారా అన్నది కూడా కాగితం మీదే ఉండాలి.

టర్మ్ ఇన్సూరెన్స్ (జీవిత బీమా) పాలసీ ఇప్పుడే తీసుకో, లోనుకు తగ్గకుండా. నాన్నగారు సహ రుణగ్రహీత కదా, నీకేమైనా అయితే బ్యాంకు ఆయన్నే అడుగుతుంది. 2024 ఏప్రిల్‌లో ఫెయిర్‌బ్యాంక్స్ దగ్గర ఇంధనం మోస్తున్న డీసీ-4 కూలి అందులోని ఇద్దరూ చనిపోయారు. భయపెట్టాలని కాదు, ఈ వృత్తిలో ఇది ఉంది. ప్రీమియం పెరుగుతుందని వృత్తి దాచకు, దాచితే క్లెయిమ్ దగ్గర మొత్తం పోవచ్చు. అక్కడికి వెళ్లాక విమానం, మార్గం మారితే అదీ రాసి తెలియజేయి.

ఏడాది తర్వాత, ఇన్‌స్ట్రక్టర్ గంటలు, పీఆర్ దరఖాస్తు, నిధి మూడూ చేతిలో పెట్టుకుని వెళ్లు. అప్పుడు యెల్లోనైఫ్‌లో వరుసగా ఆరు నెలలు నివాసం ఉంటే రోజుకు 22 డాలర్ల దాకా ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు, ఏడాదికి 8,030. పీఆర్ పని మధ్యలో ఉంటుంది కాబట్టి ర్యాంప్ మీద ఉన్న నెలలు నిన్ను అంతగా కొరకవు, ఇన్‌స్ట్రక్టర్ గంటలు చూసి ఆ నెలలు తగ్గించే అవకాశం కూడా ఉంది.

ఈ వారమే ఆ కంపెనీకి మెయిల్ రాయి. రావాలనే ఉంది, ఏడాది తర్వాత వస్తాను, అప్పుడు తీసుకుంటారా అని. దాంతోపాటు ట్రైనింగ్ బాండ్ (శిక్షణ ఇచ్చినందుకు ఇంతకాలం పనిచేస్తానని రాసిచ్చే ఒప్పందం) ఎంత, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, నెలలు గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుందా అని అడుగు. బాండ్ కాగితం వచ్చాక సంతకం పెట్టకుండా నాకు పంపించు, కలిసి చూద్దాం.