ఊరూరా తిరుగుతూ పనిచేసుకునేవాళ్ల వల్ల అక్కడివాళ్లకి లాభమా, నష్టమా?

అడిగినవారు లిస్బన్, బాలి లాంటి చోట్ల డిజిటల్ నోమాడ్‌ల గురించి, అంటే ల్యాప్‌టాప్ మీద ఎక్కడినుంచైనా పనిచేస్తూ ఊళ్లు మారేవాళ్ల గురించి అడిగారు. నేను విజయవాడ దాటి పెద్దగా వెళ్లలేదు. కానీ ఇది మొగల్రాజపురంలో మా ఇంటి మెట్ల మీదే చూశాను కాబట్టి రాస్తున్నాను.

2022లో మేం కింది పోర్షన్‌లో 8,500కి ఉండేవాళ్లం. పైన ఆర్టీసీ కండక్టర్ గారి కుటుంబం, 7,000. తొమ్మిదేళ్ల నుంచీ ఉన్నారు, మా పెద్దాడి బారసాల వంటంతా ఆ అక్క చేతి మీదే జరిగింది. ఆ జూన్‌లో బెంగళూరు నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. అమెరికా కంపెనీ, ఎక్కడ కూర్చునైనా పనిచేసుకోవచ్చు, మూడు నాలుగు నెలలకో ఊరు. బేరమాడతాడులే అని ఓనర్ గారు ఆ పై పోర్షన్‌కే 14,000 చెప్పారు. అతను సరేనని అప్పటికప్పుడే ఫోన్‌లో అడ్వాన్స్ కొట్టేశాడు. గేటుకి 'బ్యాచిలర్లకు ఇవ్వబడదు' అని ఏళ్లుగా ఉన్న బోర్డు ఆ సాయంత్రానికి లేదు, అది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అక్కవాళ్లు సామాను దించుతున్న రోజే ఆ అబ్బాయి టేబుల్ ఎక్కడ పడుతుందో చూసుకోవడానికి వచ్చాడు. మా మెట్లు ఇరుకు, మలుపులో బీరువా ఇరుక్కుపోయింది. బ్యాగు పక్కన పెట్టి, తనే ఒక కొస పట్టుకుని, కండక్టర్ గారితో కలిసి కిందిదాకా దించాడు. వేలు నలిగి రక్తం వస్తే అక్క కట్టేసిన మూట విప్పి, పసుపు వెతికి పెట్టింది. "ఎందుకు ఖాళీ చేస్తున్నారాంటీ?" అనడిగాడు. "పాప స్కూలుకి దగ్గరవుతుందని బాబూ" అంది. స్కూలు మా వీధి చివర. వాళ్లు వెళ్తున్నది పాయకాపురం. పదో తరగతి అయ్యేదాకా ఆ పిల్ల రెండు ఆటోలు మారి వచ్చింది.

కుర్రాడు మంచివాడే. వీధి మూల బండి దగ్గర రోజూ పెసరట్టు తినేవాడు, వాళ్లకి నాలుగు డబ్బులు వచ్చిన మాట నిజం. నాలుగు నెలలకి అతను వెళ్లిపోయాడు, 14,000 మాత్రం ఉండిపోయింది. మరుసటి నెలే మా అద్దె 12,000 చేశారు. ఏమన్నా "పైన పద్నాలుగు ఇచ్చారు కదమ్మా" అని ఒకటే మాట.

2014లో రాజధాని ఇక్కడే అన్నప్పుడూ అద్దెలు ఇలాగే ఎగబాకాయి, కానీ అప్పుడు వచ్చినవాళ్లు ఉండిపోవడానికి వచ్చారు, పిల్లల్ని మన బడుల్లో వేశారు. ఇక లిస్బన్ సంగతికొస్తే, పోర్చుగల్ 2022 అక్టోబరులో ఇలాంటివాళ్ల కోసమే ఒక వీసా తెచ్చింది. దానికి ఆ దేశపు కనీస వేతనానికి 4 రెట్లు సంపాదన చూపించాలి. అంత సంపాదించేవాళ్లనే ఏరి పిలిచి, కనీస వేతనం మీద బతికేవాళ్ల మధ్య ఇల్లు వెతుక్కోమంటే అద్దె పెరగక ఏమవుతుంది? 2025 జూలైలో మెక్సికో సిటీలో జనం రోడ్డెక్కింది కూడా ఈ బాధతోనే. బయటివాళ్లు డబ్బు తెస్తారు కదా అని వాదించేవాళ్లలో అద్దెకున్నవాళ్లు ఎవరూ ఉండరు.

నా ఉద్దేశంలో తప్పంతా అడిగినంత ఇచ్చేయడంలో ఉంది. బేరమాడకపోవడం మర్యాద అనుకుంటారు. వాళ్లకి లెక్కలోకి రాని ఆ 7,000 తేడాతో వీధి మొత్తానికీ రేటు మారిపోతుంది. ఏ ఊరెళ్లినా ఇల్లు ఒప్పుకునే ముందు కిరాణా కొట్లోనో ఇస్త్రీ బండి దగ్గరో ఇక్కడ అద్దె ఎంత, ఇంతకుముందు ఎవరుండేవారు, ఎందుకు వెళ్తున్నారు అని అడగండి. ఖాళీ చేసేవాళ్లని అడిగితే చెప్పరు. ఆ రోజు అక్క చెప్పలేదు, పక్కనే దుప్పట్ల మూట పట్టుకుని నిలబడి నేనూ చెప్పలేదు.